గెలిచిన పిల్ల మొహం

శుక్రవారం సాయంత్రం యశోదమ్మ నెగటివుల కవరును బల్ల మీద బోర్లించినప్పుడు నాలుగు ముక్కలు రాలవలసిన చోట మూడే రాలాయి. పోయిన వారం మనం ఆమెను ఆ బల్ల దగ్గరే వదిలి వచ్చాం.

అంతవరకు జరిగింది ఇది. కదిరి మార్కెట్టు వీధిలో ఆమెకూ, ఆమె భర్త రామదాసుకూ ఒక ఫోటో స్టూడియో ఉంది, ఇల్లూ అందులోనే. ఎండలోకి వస్తే కళ్ళు నీళ్ళు కారే జబ్బు రామదాసుకు పట్టుకున్న నాటి నుంచి, అంటే ఐదేళ్ళుగా, కెమెరా మెడలో వేసుకుని బయట తిరిగేది యశోదమ్మే. ఆమె తెచ్చిన ఫిల్మును చీకటి గదిలో కడిగి ఫోటోలు వేసేది రామదాసు. ఎక్కడ హైస్కూలు పిల్లల ఆటల పోటీలు జరిగినా, వెంకటేశులు నడిపే ‘మడకచాలు’ వారపత్రికకు ఆమె ఫోటోలు తీసేది. నవంబరు మొదటి వారంలో ధర్మవరంలో జిల్లా పోటీలు జరిగాయి. ఆడపిల్లల పదిహేను వందల మీటర్ల పరుగులో సజ్జగుట్టపల్లి హైస్కూలు అమ్మాయి సుబ్బలక్ష్మి గెలిచిందని మైకులో చెప్పారు. ఆ పిల్ల రిబ్బనును తాకిన క్షణం యశోదమ్మ కెమెరాలో పడింది. రెండో స్థానం వచ్చిన స్కూలు వాళ్ళు తామే ముందు తాకామని అక్కడే గొడవ పెట్టుకున్నారు. శుక్రవారం పత్రిక వచ్చింది. అందులో వేదిక మీద దండలు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులు ఉన్నారు గానీ, గెలిచిన పిల్ల లేదు. వెంకటేశులును నిలదీస్తే, అసలా ఫోటో తనకు అందనే లేదని కవరు తెచ్చి చూపించాడు. అతను అబద్ధమాడడం లేదని నమ్మకం కుదిరాకే ఆమె ఇంటికి వచ్చి నెగటివులు తీసింది.

పన్నెండు బొమ్మల ఫిల్ము. మూడేసి బొమ్మలకు ఒక ముక్కగా కత్తిరించి పెట్టడం రామదాసు అలవాటు. మూడో ముక్క లేదు.

ఆ రాత్రి ఆమె భర్తను ఏమీ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. రామదాసును అనుమానించడమంటే తన కుడిచేతిని అనుమానించడం లాంటిది. ఆమె మనసంతా రెండో స్థానం వచ్చిన స్కూలు వాళ్ళ మీదే ఉంది. ఎవరు ముందో ఆ ఫోటో తేల్చేస్తుంది కనుక, అది లేకుండా చేయాల్సిన అవసరం వాళ్ళకే ఉంది. మంగళవారం తను పుట్టపర్తిలో ఒక నామకరణానికి ఫోటోలు తీయడానికి వెళ్ళింది. ఆ రోజు ఎవరో వచ్చి, రామదాసు లోపలికి పోయిన సందు చూసి, అల్మరా తెరిచి ఉంటారు. అలా అనుకుంటూనే శనివారం పొద్దున సజ్జగుట్టపల్లి బస్సెక్కింది. మీ పిల్ల ఫోటోను ఎవరో మాయం చేశారు, జాగ్రత్తగా ఉండండి అని ఆ స్కూలు డ్రిల్లు మాస్టారుకు చెప్పడం ధర్మమనిపించింది.

ఆ మాస్టారు పేరు హనుమంతరాయుడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతూ ఉంటుంది. రాళ్ళు తప్ప ఏమీ లేని గుట్ట వారను పిల్లలతో కలిసి మూడేళ్ళు రాళ్ళేరి, చదును చేసి, పరుగు పందేలకు మైదానం తయారుచేసిన మనిషి అని చుట్టుపక్కల పేరు. యశోదమ్మ వెళ్ళేసరికి అతను సున్నం నీళ్ళతో గీతలు వేయిస్తున్నాడు. ఆమెను చూడగానే పిల్లల్ని తరగతులకు పొమ్మని పంపేసి, గోడ నీడకు వచ్చాడు.

ఆమె నిలబడే విషయం చెప్పింది. పత్రికలో ఫోటో రాలేదని, వెంకటేశులుకు అది చేరనే లేదని, రెండో స్కూలు వాళ్ళ మీద తనకు అనుమానంగా ఉందని చెప్పింది. తను కష్టపడి తయారుచేసిన పిల్ల బొమ్మ పత్రికలో పడకపోతే ఏ మాస్టారయినా మండిపడతాడు. హనుమంతరాయుడు మండిపడలేదు. చేతికి అంటిన సున్నాన్ని గోడకు రాస్తూ విన్నాడు.

“ఫిల్ము పోతే పోయిందిలేమ్మా,” అన్నాడు. “వచ్చే ఏడు మళ్ళా పోటీలు వస్తాయి, మళ్ళా తీద్దురు.”

యశోదమ్మ మెల్లగా, “ఫిల్ము పోయిందని నేను చెప్పలేదు సార్. ఫోటో అందలేదని చెప్పినా,” అంది.

అతని చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. గుట్ట మీదినుంచి వచ్చే గాలికి సున్నం పొడి లేచి ఇద్దరి మధ్యా తిరిగింది. ఆమె ఇంకొక మాట కూడా అడిగి చూద్దామనుకుంది. ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా, సుబ్బలక్ష్మిని పిలిపించండి, ఈ మైదానంలోనే పరుగెత్తుతున్నట్టు ఇంకొక ఫోటో తీసుకుని పోతాను అంది. పాపకు జ్వరమని అతను చెప్పాడు. అయితే ఇంటికే పోయి చూసి వస్తానంటే, ఇంట్లో లేదు, కదిరిలో ఆస్పత్రికి తీసుకుపోయారన్నాడు. రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి తడబడుతూ వచ్చాయి.

ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి, చివరికి నేల వైపు చూస్తూ అన్నాడు: “నన్ను అడగొద్దండమ్మా. మీ ఇంట్లో ఆయన్ను అడగండి.”

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆ ఏడు చెనిక్కాయకు, అంటే వేరుశనగకు, ఊడలు నేలలోకి దిగేనాటికి వాన లేదు. పీకిన చెట్లకు కాయల్లేక రైతులు ఆకును పశువులకు కట్టలు కట్టుకుంటున్నారు. అవన్నీ కంటి ముందు పోతున్నా ఆమెకు కనిపించలేదు. పదహారేళ్ళ కాపురంలో రామదాసు తన దగ్గర దాచిన విషయం ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చుంది. మంగళవారం రాత్రి తను పుట్టపర్తి నుంచి వచ్చేసరికి ఆయన ముందే తినేసి పడుకున్నాడు. అది గుర్తొచ్చింది. బుధవారం ధర్మవరం ఫోటోలు ఎలా వచ్చాయని అడిగితే, కవరు కట్టి పంపేశాను కదా అన్నాడు. అదీ గుర్తొచ్చింది. అంతవరకూ మామూలుగా ఉన్న మాటలు ఒక్కొక్కటీ ఇప్పుడు కొత్తగా వినిపించసాగాయి.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం కరెంటు కోత. రామదాసు చీకటి గది తెర సగం తీసి, కొవ్వొత్తి వెలుగులో మందునీళ్ళు కలుపుకుంటున్నాడు. యశోదమ్మ కెమెరా మెడలోంచి తీయకుండానే, ఫోటోలు తీయించుకునే వాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మంగళవారం స్టూడియోకు ఎవరెవరు వచ్చారని అడిగింది. ఆయన గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, ఉద్యోగం అర్జీకి ఫోటో కావాలన్న పిల్లవాడొకడు, పాత ఫోటో పెద్దది చేయమని వచ్చిన ముసలాయన ఒకరు.

“హనుమంతరాయుడు సారు రాలేదా?”

తెర వెనక గాజుపుల్ల సీసాకు తగులుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె ఎదురు చూసింది. కాదంటాడేమో, రాలేదంటాడేమో అని ఒక ఆశ. రామదాసు తడి చేతులు తువాలుతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఎదురుగా కాకుండా తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“నేనే ఇచ్చినా,” అన్నాడు. “ఎవురూ దొంగిలించలేదు. నా చేత్తోనే ఇచ్చినా. ఫోటో కూడా వెయ్యలేదు.”

ఎందుకిచ్చాడో ఆయన చెప్పుకుంటూ పోయాడు.

మంగళవారం పదకొండు గంటలప్పుడు హనుమంతరాయుడు వచ్చాడు. ధర్మవరం ఫోటోలు చూడాలన్నాడు. రామదాసు నెగటివును వెలుతురుకు పట్టి చూపించాడు. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, తలుపు దగ్గరగా వేసి, రామదాసు చేతులు పట్టుకున్నాడు. ఫోటోలో ఉన్న పిల్ల సుబ్బలక్ష్మి కాదు. సుబ్బలక్ష్మి ఆ ఊరి సర్పంచు గోవిందప్ప కూతురు. పరుగెత్తింది మారెక్క అనే పిల్ల. మేకలు కాసుకునే ఓబమ్మ కూతురు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. రిజిస్టరులో పేరు లేదు గనుక పోటీకి పనికిరాదు. కానీ గుట్ట మీద మేకల వెనక ఆ పిల్ల పరుగు చూసిన మాస్టారు ఉండబట్టలేక, సర్పంచు కూతురి పేరు మీద పరుగెత్తించాడు. ధర్మవరంలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడా బొమ్మ కదిరి పత్రికలో పడితే, సర్పంచు కూతురి మొహం తెలిసినవాళ్ళు వందమంది ఉంటారు. మారెక్కను దొంగ అంటారు. ఇంకెప్పుడూ ఆ పిల్లను ఏ పోటీలోనూ అడుగు పెట్టనివ్వరు. తన ఉద్యోగం పోయినా పోనీ గానీ, పిల్ల బతుకు పోతుందన్నాడు మాస్టారు. ఈ ఒక్క బొమ్మ మాయమైతే, జనవరిలో ఆ పిల్లను సొంత పేరు మీదే బడిలో చేరుస్తానని, పైకి తీసుకొస్తానని ఒట్టు వేశాడు.

“నేనెట్ల కాదనేది?” అన్నాడు రామదాసు. “పాప తల్లి కూడా వాకిట్లో నిలబడి ఉండాది. ఆ యమ్మ మొహం చూసినాక నాకు నోరు రాలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఒప్పుకోవని.”

అది నిజమే కావడం ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. తను తీసిన బొమ్మలోని పిల్ల గెలుపు ఇంకొకరి పేరున పోతుంటే ఊరుకునే మనిషి కాదు తను. అది ఆయనకు తెలుసు. తెలిసే దాచాడు. అయినా కోపం కన్నా బలంగా ఇంకొకటి ఆమె మనసులో కదిలింది. బస్సులో మొదలైన అనుమానం ఇంకా సద్దుమణగలేదు. భర్త చెప్పినదంతా సరిగ్గానే అతికింది, కానీ ఎక్కడో ఒకచోట తొర్ర ఉన్నట్టుంది.

“ఆ యమ్మ లోపలికి వచ్చిందా?” అని అడిగింది.

“లేదు. సారు ఆడే నిలబడమన్నాడు.”

“నీతో ఏమన్నా మాట్లాడిందా?”

“ఏమీ మాట్లాడలేదు.”

“అయితే ఆ యమ్మ ఏమి అడిగేకి వచ్చిందో నీకెట్ల తెలుసు?”

రామదాసు ఆమె వైపు చూశాడు. మంగళవారం నుంచి ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదని ఆ చూపులోనే తెలిసింది. ఆ శనివారం మిగిలిన పూట, మర్నాడు ఆదివారం ఆ ఇంట్లో కావలసిన మాటలు తప్ప వేరే మాటలు లేవు. వంటయింది, తిన్నారు. ఫోటోలకు వచ్చినవాళ్ళను ఆమె కూర్చోబెట్టింది, ఆయన ఫిల్ము కడిగాడు. ఫిల్ము చుట్టను ఆమె ఆయన చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి వచ్చేది. ఆయన ఏమీ అనకుండా తీసుకునేవాడు.

సోమవారం పొద్దున్నే ఆమె మళ్ళీ సజ్జగుట్టపల్లిలో దిగింది. ఈసారి స్కూలు వైపు పోలేదు. ఓబమ్మ ఎక్కడుంటుందని బస్సు దగ్గరి టీ అంగట్లో అడిగితే, కరువు పనికి పోయిందన్నారు. ఊరికి తూర్పున ఎండిపోయిన కుంటకు కట్ట వేస్తున్నారు. ముప్పై నలభై మంది ఆడవాళ్ళు మట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా ఎక్కి దిగుతున్నారు. ఓబమ్మను ఎవరో చూపించారు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. అడుగులు పెద్దవి. వరసలో ముందున్నవాళ్ళను దాటిపోకుండా ఉండడానికి మాటిమాటికీ ఆగుతోంది. ఆ నడక చూడగానే ధర్మవరం మైదానంలో చివరి మలుపు తిరిగిన పిల్ల యశోదమ్మకు కళ్ళ ముందు మెదిలింది.

తట్ట దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ ఓబమ్మ వచ్చింది. ఫోటో స్టూడియో మనిషినని చెప్పగానే ఆమె మొహం విప్పారింది. అలా ఎందుకు విప్పారిందో యశోదమ్మకు అర్థం కాలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మంగళవారం మా ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడ్డావట కదా, ఎందుకు వచ్చావమ్మా అని సూటిగానే అడిగేసింది.

“బొమ్మ చూసేకి వచ్చినా తల్లీ,” అంది ఓబమ్మ. “పాప గెలిచే బొమ్మ మీరు పట్టినారంట. మేకల యెనకాల పరిగెత్తేది చూసినా గానీ, నా బిడ్డ అట్ల జనం మద్దెలో పరిగెత్తేది నేను యాపొద్దూ చూడలే. చూపిస్తానని సారే పిలుసుకొచ్చె. లోపలికి పోయి వచ్చి, బొమ్మ పడలేదు ఓబమ్మా, నల్లగా పోయింది అనె. సరే ఇంగేమి చేసేదని వచ్చేస్తి.”

పోయిన రెండు రోజులూ యశోదమ్మ వెతుకుతున్న తొర్ర ఇదే. బొమ్మ దాచమని వేడుకోవడానికి వచ్చిన తల్లి అనుకుని రామదాసు ఫిల్ము ఇచ్చాడు. బొమ్మ చూడడానికి వచ్చిన తల్లి, అది పడలేదనుకుని తిరిగి వెళ్ళింది. ఇద్దరి మధ్యా ఒక తలుపు ఉంది. ఆ తలుపు దగ్గరగా వేసింది హనుమంతరాయుడు.

బొమ్మ నల్లగా పోలేదని, బాగా పడిందని ఆమె చెప్పింది. ఆ మాట ఆ తల్లికి చెప్పకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. పిల్ల మొహం ఎలా ఉందో, ఒక చెయ్యి ఎలా పైకి లేచిందో, రిబ్బను ఎలా వంగిందో చెప్పింది. ఓబమ్మ వింటూ తలూపింది. ఒక్కసారి మాత్రం, నోరు తెరుచుకోని ఉండాదా పాప అని అడిగింది. అవునంటే, పరిగెత్తేటప్పుడు చిన్నప్పటినుంచీ అంతేనంది.

ఆ తరువాత మారెక్క ఎక్కడుందని యశోదమ్మ అడిగింది. ఓబమ్మ సంతోషంగా చెప్పింది. పాపను చదివిస్తానన్న మాట సారు నిలబెట్టుకున్నాడు. అనంతపురంలో ఆటల హాస్టలులో పాపకు చోటు దొరికింది. అక్కడే చదువు, అక్కడే తిండి. బస్సుకు అనుకూలంగా ఉంటుందని రాత్రే సర్పంచు ఇంటికి తీసుకుపోయారు. రెండు లంగాలు, ఒక దుప్పటి, నాలుగు సద్దరొట్టెలు మూట కట్టి ఇచ్చి పంపింది. పనికి రాకపోతే మేస్త్రీ పేరు కొట్టేస్తాడని తను ఇక్కడికి వచ్చేసింది.

“హాస్టలుకు అర్జీ రాసినారు కదా,” అంది యశోదమ్మ. “దానికి పాప ఫోటోలు ఎవురు తీసినారు?”

“ఫోటోలేంటికి?”

“అర్జీకి అంటించేకి. మూడు కావాల. ఫోటో లేకుండా ఏ హాస్టలులోనూ చేర్చుకోరమ్మా. ఈ పక్క పిల్లలందరివీ నేనే తీస్తా.”

ఓబమ్మ ఆలోచించింది. ఎవరూ తీయలేదంది. ఎవరూ వేలిముద్ర కూడా అడగలేదంది. తన పేరు మేస్త్రీ పిలుస్తున్నా ఆమె కదలలేదు. తట్ట వైపు చూసింది, ఊరి వైపు చూసింది, మళ్ళీ యశోదమ్మ మొహంలోకి చూసింది.

“ఏమమ్మా,” అంది మెల్లగా, “నా బిడ్డను యాడికి పంపిస్తాండారు?”

తెలియదని చెప్పక తప్పలేదు. తెలుసుకుని వస్తానని మాత్రం చెప్పి యశోదమ్మ ఊళ్ళోకి నడిచింది. సర్పంచు ఇంటికి తాళం వేసి ఉంది. పొద్దున్నే అందరూ కదిరికి పోయారని పక్కింటావిడ చెప్పింది. స్కూలు దగ్గరికి పోతే హనుమంతరాయుడు సెలవు పెట్టాడన్నారు. మైదానంలో సున్నం గీతలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. ఆ మనిషి దుర్మార్గుడని అనుకుందామంటే ఆ గీతలు చూశాక అంత తేలిగ్గా అనుకోలేకపోయింది. మూడేళ్ళు రాళ్ళు ఏరినవాడు. ఆ పిల్ల పరుగును గుర్తించినవాడు. మంగళవారం రామదాసుకు వేసిన ఒట్టు అతను నిజంగానే వేశాడేమో. మరి ఆ ఒట్టుకూ ఈ రోజుకూ మధ్య అతని మెడలు ఎవరు వంచారు?

కదిరి చేరేసరికి పన్నెండు దాటింది. స్టూడియో ముందు ఒక జీపు నిలబడి ఉంది. లోపల చెక్క కుర్చీలో నలభై అయిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద జరీ అంచు కండువా. పక్కన స్టూలు మీద తలకు నూనె రాసుకుని, కొత్త లంగా ఓణీ వేసుకున్న పదిహేనేళ్ళ పిల్ల. రామదాసు చీకటి గది తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. భార్యను చూడగానే ఆయన మొహంలో ఉన్నది భయమో సిగ్గో ఆమెకు తెలియలేదు. ఆ రెండు రోజుల తరువాత మొదటిసారి ఆమె కళ్ళలోకి నేరుగా చూశాడు.

ఆ మనిషి తనే పరిచయం చేసుకున్నాడు. సజ్జగుట్టపల్లి గోవిందప్ప. అమ్మాయి సుబ్బలక్ష్మి. పాస్‌పోర్టు ఫోటోలు కావాలి, ఈ పొద్దే కావాలి. చేతిలోని కాగితాన్ని బల్ల మీద పరిచాడు. జిల్లా పోటీల్లో పదిహేను వందల మీటర్ల పరుగులో మొదటి బహుమతి పొందిన విద్యార్థినికి ఇచ్చే సర్టిఫికెట్టు. ఫోటో అంటించే చోటు ఖాళీగా ఉంది. కింద హెడ్మాస్టరు సంతకం, డ్రిల్లు మాస్టరు సంతకం అప్పటికే పడి ఉన్నాయి. పాపను టీచరు ట్రైనింగుకు పంపాలనుకుంటున్నామని, ఆటల్లో గెలిచిన వాళ్ళకు అక్కడ విడిగా సీట్లు ఉంటాయని గోవిందప్ప చెప్పాడు. దాచుకునే మాటలా చెప్పలేదు. వాన గురించి చెప్పినట్టు చెప్పాడు.

మారెక్కను పైకి తెస్తాననే మాటకు రామదాసు ఫిల్ము ఇచ్చాడు. ఆ ఫిల్ము పోవడం వల్ల పైకి వస్తున్నది ఎవరో ఇప్పుడు బల్ల మీద ఉంది. తెర దగ్గర నిలబడ్డ రామదాసు ఆ కాగితాన్ని అప్పటికే చదివేశాడని యశోదమ్మకు తెలిసింది.

ఫోటో తీయనంటే ఈయన ఇంకొక స్టూడియోకు పోతాడు. పోతే మారెక్క గురించి తెలిసే దారి మూసుకుపోతుంది. కెమెరాను స్టాండుకు బిగించి, రామదాసును దీపాలు వెయ్యమంది. పిల్లను తెర ముందు కూర్చోబెట్టి, కెమెరా పైనున్న అద్దంలోకి వంగి చూసింది. గుండ్రటి మొహం, చిన్న నోరు, ఏడ్చి కడుక్కున్నట్టున్న కళ్ళు. ధర్మవరంలో ఇదే అద్దంలో కనిపించిన మొహానికీ దీనికీ ఎక్కడా పోలిక లేదు.

ఓణీ సర్దే నెపంతో ఆమె పిల్ల దగ్గరికి వెళ్ళి వంగింది. పిల్ల పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి.

“అక్కా, మారెక్క పోయేది హాస్టలుకు కాదు. బెంగుళూరులో మా మేనత్త ఇంట్లో పనికి. ఇంగ ఊరికి రానియ్యరంట. ఇప్పుడు బస్టాండులో సారు పక్కన కూర్చోనుంది. ఒంటిగంట బస్సు.”

యశోదమ్మ తలెత్తింది. గోడ గడియారంలో ఒంటిగంటకు పదిహేను నిమిషాలు తక్కువ. వెనక కుర్చీ కిర్రుమంది. గోవిందప్ప లేచి తమ దగ్గరికి వస్తాడనుకుంది. అతను రాలేదు. నింపాదిగా గుమ్మం దాకా నడిచి వీధి తలుపు మూసి, గడియ పెట్టి, వాళ్ళ వైపు తిరిగాడు.

“ఊ, చెప్పు తల్లీ,” అన్నాడు కూతురితో. “అక్కతో ఏమి చెప్తాంటివి?”